చివరి రీలు, సోలెడు తవుడు

ఖరగ్‌పూర్, ట్రాఫిక్ సెటిల్‌మెంట్,
1968, మే నెల రెండవ వారం.

ప్రతిపక్షానికి, అనగా సూర్యకుమారికి,

కుశలప్రశ్నలు వేయవలసిన చోట వాదనతో మొదలుపెట్టడం నాకు అలవాటు, భరించడం నీకు అలవాటు. రెండేళ్లుగా వాల్తేరు హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నాం కనుక పీఠిక అక్కరలేదు. కానీ నేనున్న ఇంటి సంగతి నీకు తెలియదు. ముందు అది చెప్పాలి.

మా అమ్మకు చెల్లెలు సుజాతమ్మ పిన్ని. మెట్రిక్ చదివింది, వారపత్రిక ఒకరోజు ఆలస్యమైతే పోస్ట్‌మ్యాన్‌ను వీధిలో నిలబెట్టి సంజాయిషీ అడుగుతుంది. ఆమెకిది మూడవ కాన్పు. మొదటి రెండు రాజమండ్రిలో మా ఇంట్లోనే జరిగాయి. ఇద్దరు బిడ్డలూ నెల తిరగకముందే పోయారు. ఈసారి ఆమె అత్తగారు జోగమ్మగారు, ‘ఆ గోదారి గాలొద్దు, రైల్వే ఆస్పత్రి మనింటికి కూతవేటు’ అని పంపలేదు. మా నాయనమ్మ మంచాన ఉండటంవల్ల అమ్మ కదలలేదు. పురుటిసాయానికి నేను వచ్చాను. లా రెండేళ్లు చదివినదానికి పురుటిసాయం ఏం వచ్చునని అడగకు. పిన్ని భర్త గోవిందరావు బాబాయి వర్క్‌షాపులో ఫిట్టరు; రోజు విడిచి రోజు మాట్లాడతాడు. ఇంట్లో మిగిలిన సంభాషణంతా జోగమ్మగారిదే. నేను ఆవిడను మామ్మగారూ అంటాను. ఆవిడ నన్ను సామలా అంటుంది.

ఇక అసలు విషయం. ఇక్కడ ఆదివారం పొద్దుటి ఆటకు మాత్రమే తెలుగు సినిమా వేస్తారు. దానికి సెటిల్‌మెంటు యావత్తూ, అనగా ఈ రైల్వే క్వార్టర్ల జనమంతా, పెళ్ళికి వెళ్ళినట్టు వెళుతుంది. మొన్నటి సినిమా ‘బోనెక్కిన ఉయ్యాల’. అందులో ఒక పల్లెటూరి కుటుంబం. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిన మూడవవాణ్ణి నానమ్మ చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడుతుంది. పొరుగింటావిడ వచ్చి తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కుపోతుంది. పారేసి, తవుటికి అమ్మేసిన బిడ్డ ఎవరికీ అక్కరలేనివాడని నమ్మి మృత్యువు దాటిపోతుందట. దారిన పోయే డాక్టరు, అతడే కథానాయకుడు, ఇది చూసి పసిబిడ్డను హింసించారని కుటుంబం మొత్తం మీద కేసు పెడతాడు. మధ్యలో చెరకుతోటలో ఒక పాట పాడతాడు. పాటకూ కేసుకూ గల సంబంధాన్ని న్యాయశాస్త్రం ఇంకా కనుగొనలేదు. తర్వాత కోర్టు. సూర్యా, ఆ ప్రాసిక్యూటరు వాదన వింటూ నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. జడ్జి కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

తెర తెల్లబడింది.

చివరి రీలు రాలేదు. పెట్టెలన్నీ ఒకే రైల్లో వచ్చాయి. ఖరగ్‌పూర్‌లో ఒక్కటి దింపడం మరిచారు, అది ముందుకు సాగిపోయింది. ఇంతమంది రైల్వేవాళ్ళున్న హాల్లో ఈ మాట చెప్పడానికి మేనేజరుకు ధైర్యం చాలక, ‘ఆస్‌ఛే, ఆస్‌ఛే, వచ్చేస్తోంది దాదా’ అంటూ వెనక తలుపుగుండా వెళ్ళిపోయాడు.

‘ఇదేటిది? జడ్జీగోరి మాట నోట్లోనే ఉండిపోనాదేటి?’ అని ఒకాయన. ‘మన ఆచారాన్ని తీసుకెల్లి బోన్లో నిలబెట్టి, తీర్పు సెప్పకుండా ఎల్లిపోమంటారేటి?’ అని ఇంకొకాయన. ఆయన పేరు తవిటయ్య. ముందు రెండు వరుసల్లోనే నలుగురు తవిటయ్యలున్నారని నాకు అప్పుడు తెలిసింది. ఆ పేరు ఎందుకు వస్తుందో నేను ఏనాడూ ఆలోచించలేదు.

దారిలో అడిగాను: ‘మామ్మగారూ, అది హింస కాదా?’

‘ఏటి ఇంస? పొద్దుటెండలో కూసింతసేపు సేటలో పడుకోబెడితే ఇంసేటి? మీ హాస్టల్లో తెల్లారగట్ల లేపి సన్నీల్లు పోస్కోమంటారట. దానిమీద ఎవులు కేసెట్టినారు?’ అని, అదే ఊపిరిలో, ‘మన సుజాత బిడ్డనీ అమ్మాల. తవుడు ఖరిదా బజార్లో తెచ్చేసినాను, డబ్బాలో ఉన్నాది. కొనీది పక్కింటి అప్పలనర్సమ్మ’ అంది.

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. నేను ఈ ఇంట ఉండగా ఈ ఇంటి బిడ్డ తవుటికి అమ్ముడుపోడు. ఇది ప్రతిజ్ఞ.

నీ అజేయ,
శ్యామల.

—

భీమునిపట్నం,
మే నెలాఖరు.

అజేయకు,

సెలవులకు ఇంటికి వచ్చి సముద్రం చూస్తూ కూర్చున్నదాన్ని ప్రతిపక్షమనడం అన్యాయం. అయినా జవాబు ఇస్తున్నాను.

జంతుశాస్త్ర విద్యార్థినిగా పెంటకుప్ప విషయంలో నేను నీ పక్షమే. అక్కడ ఏయే జీవులు కాపురముంటాయో పరీక్షల కోసం వల్లెవేసినదాన్ని. పసిబిడ్డ బొడ్డు దగ్గరకు వాటిని రానివ్వకు. తవుడు విషయంలో మాత్రం నేను తటస్థురాలిని కాను, నీ పక్షమూ కాను. కారణం ఇప్పుడు చెప్పను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో జోగమ్మగారు మాట్లాడారు, నలుగురు తవిటయ్యల్లో ఒకరు మాట్లాడారు, సినిమా హాలు మేనేజరు కూడా రెండు ముక్కలు మాట్లాడాడు. మీ పిన్ని ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డ ఆవిడదే కదా?

చివరి రీలు దొరికితే తీర్పు ఏమిటో రాయి. మా ఊరికి ఆ సినిమా రాలేదు.

నీ,
సూర్యకుమారి.

—

ఖరగ్‌పూర్,
జూన్ నెల మధ్యలో.

సూర్యకుమారికి,

గెలిచాను. మిగిలినది వివరణ మాత్రమే, కానీ చదువు.

రీలు ముందు టాటానగర్‌లో ఉందన్నారు, తర్వాత బిలాస్‌పూర్‌లో అన్నారు. పార్సిల్ ఆఫీసులో పనిచేసే నూకయ్యగారు వైరు మీద వైరు కొడుతున్నాడు. ఈలోగా సెటిల్‌మెంటు రెండుగా చీలింది. సినిమాలో ముసలమ్మకు శిక్ష పడుతుందనేవాళ్ళు ఒక కుళాయి దగ్గర, పడదనేవాళ్ళు ఇంకో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేదాకా వచ్చింది వ్యవహారం. చివరకు తెలుగు సంఘంవాళ్ళు ఒక ఉపాయం చేశారు. రీలు వచ్చేదాకా ఆగలేం కనుక కోర్టు మనమే పెట్టి, తీర్పు మనమే చెప్పుకుందామన్నారు. ప్రాసిక్యూషన్‌కు నా పేరు నేనే ఇచ్చాను.

జడ్జి కావలసినవాడు ఏ ఊరి ఆచారానికీ చెందకూడదు. పూరీ గేట్ వైపు ఉండే రిచర్డ్‌గారిని పిలుచుకొచ్చారు. రిటైరైన గార్డు, ఆంగ్లో ఇండియను, తెలుగు పుల్లవిరిచినట్టు మాట్లాడతాడు. న్యాయస్థానానికి సుత్తి ఉండాలని నేనంటే, ‘సుత్తి నాకు తెలీదు. ఇది తెలుసు’ అని ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని కూర్చున్నాడు. ముసలమ్మ పక్షం నెగ్గితే పచ్చ, ఓడితే ఎర్ర. మన డిబేటింగ్ సొసైటీ ఇంత సులభమైన పద్ధతిని ఎందుకు కనిపెట్టలేకపోయిందో నాకు తెలియదు.

ముసలమ్మ తరపున మాట్లాడటానికి ఒక్కరూ లేవలేదు. అప్పుడు జోగమ్మగారు కొంగు దోపుకుని లేచింది. ‘ఆ సినిమా ముసిల్దానికి ఎవులూ నేరా? నానున్నాను.’

‘మీరు బిడ్డను పారేశారా, లేదా?’ అన్నాను.

‘పారీలేదు. పారీసినట్టు సేసినాం.’

‘అమ్మారా?’

‘అమ్మినట్టు సేసినాం.’

‘అంటే ఇదంతా మృత్యువును మోసగించడానికి. మోసాన్ని న్యాయస్థానం ముందు ఒప్పుకుంటున్నారు.’

‘మోసమే. సావుతో కూడా నిజాయితీగా ఉండాలేటి?’

హాలు పగలబడి నవ్వింది. పచ్చజెండా లేచింది. అది నాకు దెబ్బే, దాచను. కానీ తేరుకున్నాను. ‘సరే. మృత్యువు మీ తవుటికి మోసపోయేంత మూర్ఖుడైతే వాడికి భయపడటం దేనికి? మూర్ఖుడు కాకపోతే తవుడు దేనికి? రెంటిలో ఏది మీ సమాధానం?’

‘అది నాకేటి తెలుసు?’ అంది మామ్మగారు. నేను ముగింపు ప్రసంగం అందుకున్నాను. చివరి వాక్యం నీకోసం ఎత్తి రాస్తున్నాను: ‘పుట్టిననాడే తవుటికి అమ్ముడుపోయిన మనిషికి ఆత్మగౌరవం ఎక్కడినుంచి వస్తుంది?’ చప్పట్లు. ఎర్రజెండా. ముసలమ్మ దోషి.

అందరికంటే గొప్పగా ప్రవర్తించింది మామ్మగారే. ‘కోర్టంటే కోర్టే. ఈ హాల్లో ఓడిపోనాను కాబట్టి సెప్తన్నాను, నాను నా మనవడిని అమ్మను’ అని అందరి ముందూ నా చేతిలో చెయ్యేసింది.

పిన్ని సంగతి అడిగావు. ఆవిడ మౌనంగా ఉంది. మౌనం అర్ధాంగీకారమని పెద్దలే అన్నారు.

ఓటమి ఎరుగని,
శ్యామల.

—

భీమునిపట్నం,
జూన్ నెలాఖరు.

శ్యామలా,

నీ ముగింపు వాక్యాన్ని మా ఇంట్లో పైకి చదివాను. అమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వడానికి కొంతసేపు పట్టింది.

పుట్టిననాడే తవుటికి అమ్ముడుపోయిన మనిషి రెండేళ్లుగా నీకు ఎదురుమంచం మీద పడుకుంటోంది. నాకు ముందు ఒక అన్న, ఒక అక్క పుట్టి పోయారు. నన్ను కొన్నావిడ పేరు అప్పలకొండ. రేవులో చేపలమ్ముతుంది. ఇంట్లో నన్ను ఇప్పటికీ తవిటమ్మ అనే పిలుస్తారు. హాస్టల్లో ఆ పేరు తెలిస్తే నువ్వు తీర్మానం ప్రవేశపెడతావని చెప్పలేదు.

మన గదిలో ఎండుచేపల వాసన వస్తోందని, అది పౌరహక్కుల ఉల్లంఘన అని నువ్వు వార్డెనుకు ఒక ఫిర్యాదు రాశావు. ఆ పొట్లం నాది. ఏటా అప్పలకొండమ్మ పంపుతుంది. కొన్న బిడ్డకు ఏడాదికొకసారి తన చేతిది ఏదో ఒకటి పెట్టకపోతే బేరం చెల్లదట. నీ ఫిర్యాదు మీద విచారణ జరిగినప్పుడు నేను ముక్కు మూసుకుని నీ పక్కనే నిలబడ్డాను. నా ఆత్మగౌరవం గురించి నీ అనుమానం కొంతవరకు సబబే.

ఇక నీ ప్రశ్న. మృత్యువు మూర్ఖుడా కాదా అన్నది జోగమ్మగారికి తెలియకపోవచ్చు, నాకూ తెలియదు. మా అమ్మ చెప్పేది ఒక్కటే. నేను పుట్టాక రాత్రీ పగలూ నా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చునేదట. నన్ను అమ్మేసి, పరాయి బిడ్డగా తిరిగి ఒళ్ళోకి తీసుకున్నాక ఆవిడకు నిద్రపట్టిందట. తవుడు మృత్యువు కోసమని నువ్వు అనుకున్నావు.

మీ పిన్నిని అడుగు. వాక్యం చివర ప్రశ్నార్థకం పెట్టి అడుగు. అది నువ్వు ఎదుటివాళ్ళను పడగొట్టడానికే ఇన్నాళ్ళూ వాడావు.

తవిటమ్మ.

—

ఖరగ్‌పూర్,
జూలై మొదటి వారం.

సూర్యా,

నీ ఉత్తరానికి జవాబు మూడుసార్లు రాసి చింపాను. మొదటిదానిలో నన్ను నేను సమర్థించుకున్నాను. రెండవదానిలో క్షమాపణను కూడా వాదనలాగే రాశాను. మూడవది మరీ పొడవైంది. కనుక నాలుగవది చిన్నది: తప్పు నాది. ఎండుచేపల ఫిర్యాదును కూడా ఉపసంహరించుకుంటున్నాను.

పిన్నిని అడిగాను. పెరటిగట్టు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ‘పిన్నీ, బిడ్డను అమ్మడం నీకు ఇష్టమేనా?’ అన్నాను.

ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత అంది: ‘అమ్ముదామని అత్తని అడిగింది నేనే.’

నేనూ పక్కన కూర్చుని రాళ్ళు ఏరాను. నమ్ము.

‘రెండుసార్లూ పుట్టకముందే పేరెట్టుకున్నాను, ఉయ్యాల కొనుక్కున్నాను, అందరికీ చెప్పుకున్నాను. ఈసారి నాది కాదనుకుని పెంచుదామనుకున్నాను. నీకెలా చెప్పను? పత్రిక సీరియల్‌లో అమ్మాయి మూఢనమ్మకాలకు ఎదురు తిరిగితే చప్పట్లు కొట్టినదాన్ని. నీ ముందు సిగ్గేసింది. నువ్వేమో హాలు నిండా జనం ముందు గెలిచేసినావు.’ మళ్ళీ బియ్యంలోకి వంగి, ‘బాగా మాట్లాడినావులే’ అంది. ఆ చివరి మాట లేకపోతే నాకు కొంత ఊరటగా ఉండేది. ఆ కోర్టు రోజునుంచి ఆవిడ పత్రిక విప్పడం లేదని, పోస్ట్‌మ్యాన్‌తో తగాదా పెట్టుకోవడం లేదని నేను అప్పటిదాకా గమనించలేదు.

వెంటనే మామ్మగారి దగ్గరకు పరిగెత్తాను. ‘నా కేసు వెనక్కి తీసుకుంటున్నాను. మీరు అమ్మండి.’

‘నువ్వు తీసుకుంటే అయిపోద్దేటి? నాను మాటిచ్చినాను. రేపు కుళాయి కాడ నా మొకం ఎవులు సూస్తారు?’

‘నేనే అడుగుతున్నాను కదా?’

‘నువ్వు పీపీవి, వాదించీదానివి. తీర్పిచ్చింది రిచర్డు.’

రిచర్డ్‌గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన టీ ఇచ్చాడు, కథంతా విన్నాడు, తల అడ్డంగా తిప్పాడు. ‘ఎర్రజెండా చూపి ఆపిన బండిని ఊరికే వదలకూడదు, బేబీ. ఎందుకు ఆపామో ఆ కారణం పోవాలి. లైన్ క్లియర్ కావాలి.’

తిరిగి వస్తే మామ్మగారే దారి చూపింది. ‘మన కోర్టు కంటే పెద్దకోర్టు ఉన్నాది గదా. సినిమా జడ్జీ. ఆయన ముసిల్దాన్ని వొదిలీసినాడనుకో, నానూ అమ్మీగలను. నా మాటకి మాటా ఉంటాది.’

కనుక న్యాయశాస్త్ర విద్యార్థిని అయిన నేను ఇప్పుడు రోజూ పార్సిల్ ఆఫీసు మెట్లెక్కి, మద్రాసులో ఎవరో అట్టమీద రంగు పూసి కట్టిన ఒక కోర్టులో జరిగిన తీర్పు కోసం నిలబడుతున్నాను. రీలు నాగపూర్ దాకా వెళ్ళిందట. అక్కడ ఎవరూ దింపుకోకపోతే వెనక్కి ఎక్కించారట. ఇప్పుడు చక్రధర్‌పూర్‌లో ఉందో, ఉన్నట్టు కాగితం ఒక్కటే ఉందో తేలడం లేదు. ‘కంగారుపడకండి పాపగోరూ. రైలెక్కిన సరుకు ఎక్కడో ఒకకాడ దిగాల. గాల్లో ఎల్లిపోదు గదా’ అంటాడు నూకయ్యగారు.

‘ఈ నెలలోనే దిగాలి’ అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. సినిమా పిచ్చి ఇంత ముదిరినవాళ్ళను ఆయన ఎక్కువమందిని చూడలేదనుకుంటాను.

తవుడు డబ్బా ఇంకా అటక మీదే ఉంది. మామ్మగారు దాన్ని ఎవరి గేదెకూ పెట్టించలేదు. నాకున్న ఆశ అదొక్కటే.

శ్యామల.

—

వాల్తేరు, హాస్టల్,
జూలై మధ్యలో. కార్డు.

శ్యామలా, కాలేజీ తెరిచారు. నీ సెలవు దరఖాస్తు ఇచ్చాను. ‘సినిమా తీర్పు వెలువడనందున’ అన్న కారణం కొట్టేసి ‘బంధువుల అనారోగ్యం’ అని రాశాను. ఎండుచేపలు వచ్చాయి. ఫిర్యాదు చేసేవాళ్ళు లేక గది బోసిగా ఉంది. పెంటకుప్ప మాట మరిచిపోకు. ఆ ఒక్కదానిలో రాజీపడవద్దు. పిన్నిని నవ్వించు. సూ.

—

ఖరగ్‌పూర్,
జూలై నెలాఖరు.

తవిటమ్మకు,

ఉత్తరం మీద మరకలు ఉంటే అవి తవుడు. చేతులు కడుక్కున్నాను కానీ తవుడు గోళ్ళలో ఉండిపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మగబిడ్డ. రైల్వే ఆస్పత్రిలో సుఖంగా పుట్టాడు. ఆదివారం ఉదయం ఇంటికి పంపుతామన్నారు. శనివారం సాయంత్రం నూకయ్యగారు సైకిలు మీద వీధి వీధీ తిరిగి చెప్పాడు: చివరి రీలు దిగింది, రేపు పొద్దుటి ఆటకు పాత టిక్కెట్టు ముక్కతోనే రానిస్తారు. సూర్యా, రెండున్నర నెలలు దేశాటనం చేసిన ఆ పెట్టె, బిడ్డ ఇంటికి వచ్చే పూటే రావాలా? కథల్లో ఇటువంటిది రాస్తే నేనే ఖండించేదాన్ని.

సెటిల్‌మెంటు మొత్తం వెళ్ళిపోయింది. కొనవలసిన అప్పలనర్సమ్మ కూడా వెళ్ళింది. ‘తీర్పు ఇన్న మరుక్షణం లగెత్తుకొచ్చీస్తాను. నానొచ్చీవరకు బిడ్డని గుమ్మం దాటించకండి’ అని చెప్పి మరీ వెళ్ళింది. కన్నతల్లి ఎత్తుకుని గుమ్మం దాటితే బిడ్డ ఆవిడదైపోతాడు. కొన్నావిడే లోపలికి తేవాలి. ఇదీ నియమం.

రిక్షా వచ్చింది. దానితోపాటు వాన కూడా వచ్చింది. పిన్ని బిడ్డను కొంగులో చుట్టుకుని దిగి, గేటు దగ్గర ఆగిపోయింది. బాబాయి ఆవిడ మీద గొడుగు పట్టాడు, తాను తడుస్తున్నాడు. వరండాలో మామ్మగారు హారతి పళ్ళెంతో నిలబడింది.

‘లోపలికి రాయే. బిడ్డ తడిసిపోతాడు.’

‘రాను’ అంది పిన్ని.

‘నాను మాటిచ్చినానే, సుజాతా.’

‘అమ్మమని నిన్ను అనలేదు గదా అత్తా. నేను రానన్నాను, అంతే.’

ఇద్దరి మధ్యా పది అడుగుల వాన. రిక్షా అబ్బాయి కిరాయి కోసం నిలబడి, ఈ కుటుంబానికి ఇల్లు ఉండీ లోపలికి ఎందుకు వెళ్ళదో అర్థంకాక నా వంక చూస్తున్నాడు. హాల్లో ఆ క్షణాన జడ్జి కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండి ఉంటాడు. ఆ నోటిమాట కోసం పసిబిడ్డ వానలో నిలబడాలా అనిపించింది. అప్పుడు తట్టింది.

‘మామ్మగారూ, మాటిచ్చింది ఎవరు?’

‘నానే.’

‘ఏమని ఇచ్చారు?’

‘నా మనవడిని నాను అమ్మనని.’

‘పిన్ని ఇచ్చిందా?’

మామ్మగారు హారతి పళ్ళెం కింద పెట్టింది. సూర్యా, ఆవిడ ముఖంలో అంత కాంతి నేను ఏ బహుమతి ప్రదానోత్సవంలోనూ చూడలేదు. ‘అది లా పాయింటే’ అంది నెమ్మదిగా. ‘తల్లి అమ్ముకోవచ్చు. మరి కొనీదెవులు? వీధిలో పురుగు నేదు, అందరూ సినిమాకి సచ్చినారు.’

ఎవరూ నా వంక చూడలేదు. అదే బాధ. చూస్తే వాదించేదాన్ని.

‘కొనేవాళ్ళు పరాయి ఇంటివాళ్ళు కావాలి కదా. మా ఇంటిపేరు వేరే, నేను సరిపోతానా?’ అని అడిగాను. ప్రశ్నార్థకంతోనే అడిగాను.

పెంటకుప్ప ఊసు రాలేదు. దాన్ని నా పాక్షిక విజయంగా నమోదు చెయ్యి. బాబాయి అటకెక్కి డబ్బా దింపాడు, చేట తెచ్చాడు. గొడుగు కింద బిడ్డను చేటలో పెట్టారు. నేను దోసిలి నిండా తవుడు తీయబోయాను.

‘ఓలమ్మ, అలా పోసీకు’ అని వరండానుంచి మామ్మగారు. ‘బేరమాడు. అడిగినంతా ఇచ్చీసినావంటే బిడ్డ ఇలువైనోడని అందరికీ తెలిసిపోద్ది. తీసిపారీ, తిట్టు. నీకు సెప్పాలేటి?’

‘మానెడు తవుడు’ అంది పిన్ని.

నేను లేచి నిలబడ్డాను. రెండేళ్లలో నాలుగు విశ్వవిద్యాలయాల వేదికల మీద మాట్లాడాను. ఆ వానలో చేసినటువంటి ప్రసంగం మళ్ళీ చేయలేను. ‘మానెడా? ఈ సరుకుకా? తల మీద వెంట్రుక లేదు. ముక్కు పెనం మీద జారిన అట్టులా ఉంది. కళ్ళు తెరిచి కొనేవాళ్ళ ముఖం చూసే మర్యాద కూడా లేదు. రంగు చూస్తే ఇంజను షెడ్డు ఇటుక. పొద్దుటినుంచి ఏడుపే తప్ప ఒక్క కారణం చూపించలేదు. ఆధారం లేని ఆరోపణలు నేను వినను. ఇటువంటివాణ్ణి ఉచితంగా ఇచ్చినా రవాణా ఖర్చు దండగ.’

‘తవ్వెడైనా ఇయ్యి’ అంది పిన్ని.

‘దీదీ, సస్తాలో, చవగ్గా ఇచ్చేయండి, ఇంకో బేరం వస్తోంది’ అన్నాడు రిక్షా అబ్బాయి. ఏం అమ్ముతున్నారో అతడికి తెలిసిందో లేదో.

‘సోలెడు. ఆపైన ఒక్క గింజ లేదు. ఆ చెవులు చూశాక అది కూడా ఎక్కువే.’

పిన్ని నవ్వింది. ముందు నోరు మూసుకుని నవ్వింది, తర్వాత గేటు పట్టుకుని నవ్వింది, తర్వాత ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ‘తీసుకుపో, తీసుకుపో, నాకొద్దు’ అంది.

సోలెడు పోశాను. తడిచేతులకు సగం నాకే అంటుకుంది. బిడ్డను ఎత్తుకుని గుమ్మం దాటాను. వెనకే వచ్చి చాపమీద కూర్చున్న పిన్నికి ఇచ్చి, మామ్మగారు చెప్పమన్నట్టు, ‘వీడు నా బిడ్డ. పెంచమని నీకు ఇస్తున్నాను’ అన్నాను. ఇంకో రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. అవి రాలేదు. నాకు కేటాయించిన సమయం మిగిలిపోవడం ఇదే మొదటిసారి.

అప్పుడు వీధి తిరిగి వచ్చింది. అందరికంటే ముందు అప్పలనర్సమ్మ, చెప్పులు చేత్తో పట్టుకుని. ‘ముసిల్దానికి ఆరు నెల్లేసినాడు! సామలమ్మ గెలిచినాది!’ అని అరుస్తూ వచ్చింది. నన్ను అభినందించడానికి నూకయ్యగారు, తవిటయ్యలు, వాళ్ళ వెనక రిచర్డ్‌గారు గుమ్మంలో గుమిగూడారు. మోచేతుల దాకా తవుటితో, పక్కన చేటతో నేను కూర్చుని ఉన్నాను.

అప్పలనర్సమ్మ చేతిలోని చెప్పులు కింద పడేసింది.

‘ఇంక బోనెక్కాల్సింది నువ్వేనే, సామలా’ అంది మామ్మగారు, హారతి వెలిగిస్తూ.

రిచర్డ్‌గారు చేటను చూశాడు, పిన్నిని చూశాడు. పిన్ని ఒళ్ళో బిడ్డ పెట్టుకుని, గోడకు తల ఆన్చి, అంత జనం మధ్య నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆయన చంకలో గొడుగు తీసి, దానితో కలిపి చుట్టి ఉన్న పచ్చజెండా విప్పి, శబ్దం కాకుండా ఊపాడు.

వాడి పేరు తవిటయ్య. బళ్ళో వేరే పేరు పెడతారట. దానిమీద చర్చకు నన్ను పిలవలేదు. ఏటా వాడికి నా చేతిది ఏదైనా పెట్టాలని నువ్వే రాశావు. నాకు వంట రాదు. ఏం పంపాలో అప్పలకొండమ్మగారిని అడిగి రాయి. ఆగస్టు మధ్యలో బయలుదేరుతున్నాను. ఎండుచేపలు దాచకు.

కొనుగోలుదారు,
శ్యామల.

—

వాల్తేరు, హాస్టల్,
ఆగస్టు మొదట్లో.

శ్యామలా,

ఈ ఉత్తరం నువ్వు బయలుదేరేలోగా అందుతుందనుకుంటాను. ఆదివారం ఇంటికి వెళ్ళి, నీ ఉత్తరం అప్పలకొండమ్మకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. రేవులో చేపలబుట్ట పక్కన పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. జోగమ్మగారి వాదన బాగుందంది. రిచర్డ్‌గారు మంచివాడంది. మీ పిన్ని నిద్రపోయిన చోట కళ్ళు తుడుచుకుంది.

ఏం పంపాలని అడిగావు కదా. ఏదైనా పరవాలేదట, కానీ నీ చేత్తో చేసినదై ఉండాలట. వాడు బుద్ధిగా ఉన్నంతకాలం వాళ్ళ కొడుకే. అల్లరి చేసిన రోజున మాత్రం, ‘పోయి నిన్ను కొన్నదానికి చెప్పుకో’ అంటారట. ఉత్తరాలు నీకు వస్తాయి, సిద్ధంగా ఉండు.

అంతా విన్నాక బేరం దగ్గరకు మళ్ళీ వెళ్ళి, ఆ ముక్క ఇంకోసారి చదవమంది. చదివాను. బుట్ట నెత్తికెత్తుకుంటూ అడిగింది:

‘సోలెడు పోసినాదా? నిన్ను నాను గిద్దెడుకే కొన్నాను, సోల్లో పావొంతుకి. ఆ పిల్లకి మాటాడ్డం రాదేటి?’

నీ,
సూర్యకుమారి.